సికమోర్ వీధిలో చుక్క లేని ఇల్లు

పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు తిరిగే హాలోవీన్ రోజు మా ఊళ్ళో తల్లులు మధ్యాహ్నమే ఫోన్లో షెరీఫ్ ఆఫీసు మ్యాపు తెరుస్తారు. అందులో ఎర్ర చుక్క ఉందంటే, లైంగిక నేరానికి శిక్ష అనుభవించి బయటికొచ్చిన మనిషి ఆ ఇంట్లో ఉంటున్నట్టు. చుక్క మీద నొక్కితే ఫొటో, పేరు, చేసిన నేరం కనిపిస్తాయి. చుక్కలున్న వీధులు వదిలేసి, లేని వీధుల్లోకి పిల్లల్ని మిఠాయిలకు పంపుతారు. ఆ ఏడాది అందరూ సికమోర్ వీధికే పంపారు.

ఆ చుక్కలన్నిటినీ చూసుకునేది లోర్నా హకబీ. షెరీఫ్ దగ్గర డిప్యూటీ. యాభై దాటింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆ చుక్కల జాబితాలో ఉన్నవాళ్ళు కొన్ని నెలలకోసారి ఆమె ముందుకొచ్చి సంతకం పెట్టాలి. ఇల్లు మారితే మూడు రోజుల్లో చెప్పాలి. వరండా దీపం వెలిగితే పిల్లల్ని రమ్మన్నట్టే కాబట్టి, హాలోవీన్ సాయంత్రం వాళ్ళు ఆ దీపం ఆర్పి, తలుపు వేసుకుని లోపలే ఉండాలి. చెప్పినంత మాత్రాన లోర్నా నమ్మదు. "మనిషి ఇంట్లో ఉన్నాడో లేదో తలుపుకి తెలుసు, మ్యాపుకేం తెలుసు?" అంటుంది. అందుకే ఆ రోజు పొద్దు వాలకముందే ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఆఖరిది విల్బర్ క్రేస్ ఇల్లు. పక్కింటి ఎనిమిదేళ్ళ పాపను పాడుచేసినందుకు పదకొండేళ్ళు జైల్లో ఉన్నవాడు. లోర్నా తలుపు తట్టింది. మంత్రగత్తె టోపీ పెట్టుకున్న ముసలామె తీసింది.

"అయ్యో, మిఠాయిలకింకా వేళ కాలేదు తల్లీ! అయినా నీ వేషం మాత్రం అచ్చు పోలీసులాగే ఉంది."

"వేషం కాదు పిన్నిగారూ, నేను పోలీసునే. విల్బర్ ఉన్నాడా?"

"ఆ పొడుగాయనా? ఆయన ఖాళీ చేసి వారం దాటింది. నా పేరు ఓడమ్. ఇప్పుడీ ఇంట్లో నేనే ఉంటున్నా."

"ఎక్కడికెళ్ళాడో తెలుసా?"

"మొన్న నిచ్చెన మర్చిపోయాడని వాళ్ళక్క బండేసుకుని వచ్చింది. గ్రెటా అట. సికమోర్‌లో ఉంటుందట. ఏమైందమ్మా, అలా పాలిపోయావ్?"

లోర్నా అప్పటికే మెట్లు దిగిపోయింది. కారెక్కుతూనే రేడియోలో ఆఫీసుకు చెప్పింది: "క్రేస్ చుక్క మార్చండి. సికమోర్, వాళ్ళక్క ఇల్లు. ఇప్పుడే మార్చండి."

సికమోర్ చేరేసరికి చీకటి పడుతోంది, వీధి మొదట్లోనే కారు ఆపాల్సి వచ్చింది. వీధి నిండా పిల్లలు. పులులు, దెయ్యాలు, తోక ఈడ్చుకుంటూ ఒక డైనోసారు. లోర్నా కారు దిగి కుంటుతూనే పరుగెత్తింది. గ్రెటా ఇంటి వరండాలో దీపం వెలుగుతోంది. మెట్ల మీద మిఠాయిల గిన్నె. తెరిచిన తలుపులో విల్బర్ నిలబడి ఉన్నాడు. సీతాకోకచిలుక రెక్కలు కట్టుకున్న పిల్ల ఒకతె మొదటి మెట్టెక్కుతోంది.

"అక్కడే ఆగమ్మా!"

పిల్ల ఉలిక్కిపడింది. లోర్నా ఆమెను దాటుకుని వరండా ఎక్కి దీపం ఆర్పేసింది.

"నేనేం చేయలేదు," అన్నాడు విల్బర్. "చల్లగాలి కోసం తలుపు తీశానంతే. దీపం అక్క వేసింది. సోమవారం వచ్చి చెబుదామనే అనుకున్నా."

"నీకు మూడు రోజులిచ్చారు. వారం దాటించావు. చేతులు చూపించు."

"అందరికీ తెలిసిపోతుంది లోర్నా. ఇక్కడైనా నన్ను మనిషిలా..."

"చేతులు!"

బేడీలు పడ్డాయి. అంతలో వీధిలో ఫోన్ మోగింది. వెంటనే ఇంకోటి, పక్కనే మరోటి. ఆ చుట్టుపక్కల చుక్క మారితే కబురందాలని పేర్లిచ్చుకున్న వాళ్ళ ఫోన్లవి. ఒక తల్లి తెర చూసి, ఇల్లు చూసి, కొడుకుని చంకనేసుకుంది. సీతాకోకచిలుక నాన్న టక్కర్ పిల్లను లాగేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"మీ మ్యాపు చూసే కదా వీళ్ళనిక్కడికి తెచ్చాం! బంగారంలాంటి వీధి అనుకున్నాం కదమ్మా!"

"మ్యాపు చూసి బాగానే చేశారు బాబూ. కానీ విల్బర్ చెప్పిందే మ్యాపు చెప్తుంది. పిల్ల చెయ్యి వదలొద్దు. ఇంటికెళ్ళు."

"వాణ్ణి నాకు ఒక్క నిమిషం ఇవ్వు."

"ఇవ్వను. వెనక్కి జరుగు టక్కర్. నీ పిల్ల చూస్తోంది."

అతను జరిగాడు. ఇంకో డిప్యూటీ వచ్చి విల్బర్‌ను కారెక్కించేసరికి వీధి ఖాళీ అయింది. గిన్నె ఎవరి కాలికో తగిలి బోర్లా పడి ఉంది. గ్రెటా లోపల్నుంచి వచ్చి మిఠాయిలు ఏరుతూ కూర్చుంది.

"వాడు నా తమ్ముడు లోర్నా. అక్కడ ఇల్లు ఖాళీ చేయించారు. నా దగ్గరికి కాక ఇంకెక్కడికెళ్తాడు?"

"నీ దగ్గరికే రానీ, వద్దన్లేదు. వచ్చే ముందు నా దగ్గరికి రావాలి. దీపం వేసేముందు నువ్వైనా నాకో మాట చెప్పాల్సింది."

గ్రెటా తలెత్తలేదు. "చెప్తే మా ఇంటి మీద చుక్క పడేది."

"అవును," అంది లోర్నా. "పడేది."