ఖమర్ ఆపా అట్టగొట్టం

దోహా పక్కన అల్ వక్రాలో మా బిల్డింగ్ మూడో అంతస్తులో ఉండే ఖమర్ సుల్తానా ఒక నిండు ఒంటెను టాయిలెట్ పేపర్ చుట్టే అట్టగొట్టంలో ఇటునుంచి అటు దూర్చింది. నా కళ్ళతో చూశాను. నమ్మనివాళ్ళు అల్ షహానియా పోయి అక్కడి ఒంటెలనే అడగవచ్చు. ఆమె పేరు చెబితే చాలు, ఇప్పటికీ మోకాళ్ళు మడిచి కూర్చుంటాయి.

నేను గొప్పలు చెప్పే మనిషిని కాను. ఇంటర్ మధ్యలో వదిలేశానంటే చదువు రాక కాదు, లెక్చరర్ల దగ్గర నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ పరువు కాపాడదామని దోహా వచ్చి వ్యాన్ నడుపుకుంటున్నాను. కాబట్టి గిరి అనే నేను రాసేది అక్షరం అక్షరం నిజం.

మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఖమర్‌ది బోధన్. ఆడవాళ్ళ టైలరింగ్ షాపులో బురఖాల్లాంటి అబాయాలు కుడుతుంది. పళ్ళ మధ్య దారం ఉన్నంతసేపే నోరు మూసుకుంటుంది, అందుకే వాళ్ళాయన గులాం నబీ భాయ్ ఇంట్లో దారం ఎన్నడూ తక్కువ కానివ్వడు. వాళ్ళ కూతురు నూరైన్ పాకే వయసులో అబాయా చేతికి కుట్టే ముత్యం ఒకటి నోట్లో వేసుకుంది. గొంతుకు అడ్డం పడింది. ఆసుపత్రిలో తీసేశారు, పిల్ల బాగుంది, ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ తల్లికే సుద్దులు చెబుతోంది. కానీ ఆ రోజు అక్కడి నర్సు ఒక మాట చెప్పింది. మూడేళ్ళలోపు పిల్లల చేతికిచ్చే ఏ వస్తువైనా ముందు ఈ అట్టగొట్టంలో వేసి చూడు, అవతలికి జారిపడిందా, అది పిల్ల గొంతులోకీ జారుతుంది, ఇయ్యకు అని. అప్పటినుంచి ఆపా హ్యాండ్‌బ్యాగులో ఫులూస్ అనే పైసలు ఉన్నా లేకున్నా గొట్టం మాత్రం ఉంటుంది. పెళ్ళిళ్ళకు పోతే లడ్డూ తినే ముందు కూడా గొట్టంలో పెట్టి చూస్తుందని నేను నలుగురికీ చెప్పాను. ముగ్గురు నమ్మారు.

మా కింది అంతస్తులో హెప్సిబా ఉంటుంది. ఒంగోలు వైపు వాళ్ళు, పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ డ్యూటీ. వాళ్ళ ఊళ్ళో ఈస్టర్ అంటే తెల్లచీరలు కట్టుకుని చీకటితోనే సమాధుల తోటకు పోయి పాటలు పాడటం. బుట్టలూ గుడ్లూ వాళ్ళకు తెలియవు. ఇక్కడి స్కూళ్ళలో ఫిలిప్పీన్ పిల్లలు రంగుగుడ్ల బుట్టలు చూపించేసరికి, మన పిల్లలు ఇళ్ళకొచ్చి సమ్మె చేశారు. కిందటేడు వాళ్ళ ప్రార్థన గుంపు పిల్లలందరికీ బుట్టలు ఇచ్చారు. హెప్సిబా బిడ్డ కెజియాకే జెల్లీ మిఠాయి గొంతులో ఇరుక్కుంది. వీపు మీద చరిస్తే ఊడిపడింది గానీ, అక్కడున్నవాళ్ళందరి ప్రాణాలూ ఒక్కసారి పైకి పోయి కిందికి వచ్చాయి. గుంపు పెద్ద ఆశీర్వాదం గారు ఈసారి బుట్టలు వద్దన్నారు. హెప్సిబా బతిమాలగా బతిమాలగా చివరికి ఒప్పుకున్నారు. "సరే అమ్మా. కానీ ఈసారి ఏ ఒక్క బిడ్డకు ఇబ్బందైనా, వచ్చే ఏటినుంచి పాటా ప్రార్థనే. పిల్లలకు నువ్వే చెప్పుకో."

ఆ మాట మోసుకుని హెప్సిబా మూడో అంతస్తు ఎక్కింది. అది రంజాన్ నెల.

"ఖమర్ గారూ, మీరు ఉపవాసంలో ఉన్నారు. అడగాలంటే మొహం చెల్లట్లేదండీ."

"రోజా కడుపుకమ్మా, చేతులకు కాదు. చెప్పు."

చెప్పింది. కిందటేడు ఇరుక్కున్నది తన బిడ్డకే అయినా, ఆ ఒక్క సంగతి వల్ల మిగతా పిల్లలందరి సంబరం పోతే తట్టుకోలేనంది. చేతిలో ఉన్న డబ్బు కొంచెమేననీ చెప్పింది. ఆపా నావైపు చూసింది. నేను అక్కడెందుకున్నానంటే, ఇఫ్తార్‌కు పకోడీలు వేస్తున్న ఇంట్లో నేను లేకపోతే ఆ నూనెకే బాధ.

"మన గిరికి వ్యాన్ ఉన్నది, నోరు కూడా ఉన్నది" అంది ఆపా. "బజారుకు వ్యాన్ తీస్కపోదాం. నోరు ఇంట్ల పెట్టి రమ్మందాం."

బుట్టలు తెచ్చే పని నేను తీసుకున్నాను. రంజాన్ సగంలో ఇక్కడ గరంగావో వస్తుంది. ఆ సాయంత్రం ఖతరీ పిల్లలు జరీబట్టలు వేసుకుని, సంచులు మెడలో తగిలించుకుని, పాడుకుంటూ ఇంటింటికీ పోయి పప్పులూ మిఠాయిలూ పోయించుకుంటారు. అది దాటిన మర్నాడు బజార్లో ఆ సంచులనూ తాటాకు బుట్టలనూ అడిగేవాడుండడు. నేను అడిగాను. బేరమాడుతుంటే షాపువాడు ఏడ్చాడు, వాడి పక్క షాపువాడు ఓదార్చడానికి వచ్చి వాడూ ఏడ్చాడు. ఖాళీ బుట్టల ధరకు నిండు బుట్టలు తెచ్చాను!

"చూడు ఆపా, కొనుడు నింపుడు రెండూ ఒక్కటే దెబ్బకు."

ఆపా ఒక బుట్ట తీసుకుని దుప్పటి మీద బోర్లించింది. వేరుశనగలు, బాదం, అక్రోట్లు, గట్టి మిఠాయిలు దొర్లాయి. గొట్టం తీసింది. ఒక్కొక్కటే లోపల వేసింది. టకటకా అన్నీ అవతలికి పడ్డాయి.

"అరే గిరీ, నువ్వు తెచ్చింది బుట్టలు కాదురా, కిందటేడు జెల్లీకి అన్నదమ్ములను తెచ్చినవ్."

"పెద్దపిల్లలు తింటరు కద ఆపా?"

"అన్నలు తింటుంటే చెల్లె చూస్కుంట కూసుంటదా? చేతులు లేవా దానికి? పైగా వాళ్ళ గుంపుల ఒక పిల్లగానికి పల్లీ తింటే ఒంటికి పడదని హెప్సిబా చెప్పలే?"

బుట్టలు కడిగి ఎండలో పెట్టించింది. పప్పులన్నీ బిల్డింగ్ పెద్దవాళ్ళ ఇఫ్తార్‌కు పోయాయి. ఆ నెల మా వాచ్‌మన్ ఎంత బలిశాడంటే లిఫ్ట్ అతన్ని చూసి మెట్లమీద రమ్మనేది.

ఇక నింపడం. నేను కొన్న చాక్లెట్ గుడ్లు వ్యాన్‌లో మధ్యాహ్నం ఎండకు కలిసిపోయి నిప్పుకోడి పెట్టేంత ఒకే గుడ్డు అయ్యాయి. రుచి సంగతి నేను చూసుకున్నాను, ఆపా రోజాలో ఉంది కదా, ఎవరో ఒకరు త్యాగం చేయాలి. ఆమె మాత్రం షాపులో మిగిలిన రంగు పట్టుముక్కలు తెచ్చి, లోపల దూది కూరి, పిడికిలంత బట్టగుడ్లు కుట్టింది. పాకే పిల్లలకు అవి. నడిచే పిల్లలకు లావు క్రేయాన్లు, మెత్తటి అరటిపళ్ళు. బడిపిల్లలకు ఉల్లిపొట్టులో, బీట్‌రూట్ నీళ్ళలో ఉడకబెట్టిన నిజం గుడ్లు, వాటితో ఒక తాడూ బంతీ. మీసాలు మొలుస్తున్నవాళ్ళకు ఏమివ్వాలో హెప్సిబాకు అంతుపట్టలేదు. "ఏమిచ్చినా మొహం అటు తిప్పుకుంటారండీ."

"వాళ్ళకు బుట్ట వద్దు, పని ఇయ్యి" అంది ఆపా. "చిన్నోళ్ళు వెతుక్కునేటందుకు గుడ్లు దాచిపెట్టే పని. దొంగలను చేసినమంటే ఇల్లంత వాళ్ళదే."

ఇంత జరుగుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నిప్పుకోడి గుడ్డు అవమానం కడుక్కోవాలి. అల్ షహానియాలో ఒంటెల పందేల దారిలో బొమ్మలమ్మేవాడి దగ్గర ఒక బస్తా మెత్తటి ఒంటెబొమ్మలు తెచ్చాను. నల్లగా మెరిసే కళ్ళు, నవ్వే మూతి. చిన్నపిల్లలకు ఇంతకంటే ఏం కావాలి!

"మెత్తగున్నది" అంది ఆపా ముద్దుగా నిమురుతూ. నేను ఛాతీ పొంగించేలోపు గోటితో కన్ను పట్టి గుంజింది. ఊడి చేతికొచ్చింది. గొట్టంలో వేసింది. ఠంగుమని కింద గిన్నెలో పడింది.

నేనూ హెప్సిబా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హెప్సిబా కళ్ళు తుడుచుకుంది. కెజియాను దగ్గరికి లాక్కుంది.

"ఏడుస్తవెందుకమ్మా" అంది ఆపా. "బట్ట మంచిది. కళ్ళే దొంగవి."

ఆ పూట మా బిల్డింగ్‌లో ఒంటెలన్నిటికీ కళ్ళు పోయాయి. తర్వాత ఆపా నల్లదారంతో ఒక్కొక్కదానికీ కళ్ళు కుట్టింది. అబాయా అంచులు కుట్టిన చెయ్యి కదా, ఊరుకోలేదు. కాటుకలాంటి సుర్మా గీతలు, వంపు తిరిగిన రెప్పలు కూడా పెట్టింది. బస్తా ఒంటెలు కాస్తా నిఖాకు తయారైన పెళ్ళికూతుళ్ళయ్యాయి.

ఈస్టర్ ఆదివారం ఇక్కడ డ్యూటీ రోజే. అందుకని ఇఫ్తార్ అయ్యాక హెప్సిబా ఇంట్లో అందరూ చేరారు. మీసాల దొంగలు గుడ్లను సోఫాల కింద, చెప్పుల్లో, ఒకడైతే ఆశీర్వాదం గారి కోటు జేబులోనే దాచారు. పిల్లల అరుపులకు సముద్రం రేవునుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆశీర్వాదం గారు మాత్రం కుర్చీ చివర కూర్చుని కెజియానే చూస్తున్నారు.

కెజియా బుట్టలో చెయ్యి పెట్టింది. ఒంటెను తీసింది. తిన్నగా దాని కన్ను నోట్లో పెట్టుకుని, నోట్లో మొలిచిన పళ్ళన్నీ ఉపయోగించి కొరికింది.

హెప్సిబా లేచి వచ్చేలోపే ఆశీర్వాదం గారే వంగి, బిడ్డ నోట్లోంచి ఒంటెను మెల్లగా లాగి, తడిసిన కన్నును గోటితో గిల్లి చూశారు. మళ్ళీ గిల్లారు. అది దారం. రాలేదు. కెజియా ఒంటె కోసం కెవ్వుమంది. ఆయన తిరిగిచ్చేశారు. మళ్ళీ అదే కన్ను కొరకడం మొదలుపెట్టింది.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"నేనే" అంది తలుపు దగ్గర చేతిలో హలీమ్ గిన్నెతో నిలబడిన ఖమర్ ఆపా.

ఆయన కోటు జేబులో తడుముకుంటే పట్టుగుడ్డు చేతికొచ్చింది. దాన్ని తిప్పి తిప్పి చూసి, "వచ్చే ఏడు పెద్దవాళ్ళకు కూడా ఉంటాయా?" అన్నారు.

హెప్సిబా అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చి, ఆపా భుజం మీద తలపెట్టింది. గిన్నెలోని హలీమ్ ఒలకకుండా పట్టుకున్నది నేనే. తిన్నది కూడా నేనే.

ఇదంతా రాసి ఆపాకు చదివి వినిపించాను. పళ్ళ మధ్య దారం ఉంది కాబట్టి చివరిదాకా వింది. తర్వాత దారం తీసి చెప్పింది:

"ఒంటె కాదు, బొమ్మ ఒంటె. అది కూడా దూరలే. దూరింది దాని కన్ను."