సాటిను మీద ముళ్ల గుర్తులు

గుడియాత్తంలో మా ఇల్లంతా మగ్గాలే. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మా అక్క పొద్దస్తమానం నూలు కండెలు చుట్టేది. వేలూరు నుంచి వచ్చే ఒక దొరసాని ఆమెకు సూదిపని నేర్పింది. తెల్ల సాటిను గుడ్డ ఒకటి ఇచ్చి, దీని మీద పూలు బాగా కుడితే వేలూరులో ఆడపిల్లలకు కుట్టు నేర్పే పని ఇప్పిస్తానన్నది. నాయన సరేనన్నాడు కానీ, ఇది కుదరకపోతే మళ్లీ ఆ ఊసెత్తకూడదన్నాడు.

దొరసాని రెండు సాధనాలు ఇచ్చి వెళ్లింది. గుండ్రటి రింగు చిన్న పువ్వులకు. లోపలి వలయానికి పాతగుడ్డ చుట్టి, పైన బట్ట పరిచి, రెండో వలయాన్ని నొక్కాలి. ఎక్కువసేపు ఉంచితే సాటిను మీద గీత పడుతుంది. అందుకని పెద్ద తీగలకు నాలుగు కర్రల చట్రం. దానికి బట్టను నేరుగా బిగించరాదు. అంచులకు పాతగుడ్డ పట్టీలు కుట్టి, ఆ పట్టీలను దారంతో కర్రలకు లాగి కట్టాలి. అక్క ఒక రోజంతా పట్టీలే కుట్టింది. నాకు ఒళ్లు మండింది. సాలెవాళ్ల పిల్లకు బట్ట బిగించడం ఇంకొకరు నేర్పాలా?

పూలు సగం కుట్టాక ఒకరోజు అక్క వంటింట్లో ఉండగా చూస్తే చట్రంలో బట్ట కాస్త వదులైంది. మగ్గం మీద నేత ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే ముళ్లకర్ర తెచ్చి, రెండంచులకూ ముళ్లు దించి బిగించాను. బట్ట డప్పులా మోగింది. ఎంత మురిసిపోయానో. కర్ర తీస్తే రెండు వైపులా బెజ్జాలు. ఒకచోట పువ్వు దాకా చిరిగింది.

"మగ్గం మింద ఇట్లే కదా పెడతారు" అన్నాను, ఏడుస్తూ.

"అది నూలు అమ్మీ. ఒక ఉతుకుతో పూడిపోతాది. సాటిను పూడదు" అన్నది అక్క.

మర్నాడు దొరసాని బట్టను వెలుతురుకు పట్టి, ఎవరు చేశారని అడిగింది. నాయన పక్కనే ఉన్నాడు. నేను అక్క వెనక్కి జరిగాను.

"నేనే చేసినానమ్మా. తొందరపడితిని" అన్నది అక్క.

"అయిపాయ" అని నాయన మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. అక్క మళ్లీ కండెల ముందు కూర్చుంది. ఏళ్లు గడిచినా అక్కడి నుంచి లేవలేదు.

నాయన మంచాన పడ్డప్పుడు ఒకరోజు నేను గంజి తాగిస్తున్నాను. "పెద్దదానికి ఓపిక లేకపాయ. లేకుంటే ఆ పొద్దే వేలూరికి పంపించుందును" అన్నాడు. అక్క ఆయన కాళ్లు పడుతూ నా వైపు చూసింది. నేను ఇంకో చెంచా గంజి ఆయన నోటికి అందించాను.