కొళాయి కాడ సాక్ష్యం

ఉడకబెట్టిన శనక్కాయల వాసన తగిలితే చాలు, అవి పంచుతూ సారమ్మ టీచర్ చెప్పిన క్లాసే నాకు గుర్తొస్తుంది. మొన్న రాప్తాడులో ఆమె జ్ఞాపకార్థ కూడికలోనూ అవే పంచారు. ఒలుచుకుంటూ కూర్చున్నానో లేదో, మైకు ముందు ఒక పెద్దమనిషి అందుకున్నాడు: "నరకాగ్ని అంటే ఏమిటో చెప్పి, పడుచు పిల్లలను భయభక్తుల్లో నిలబెట్టిన తల్లి!" నాకు ఒళ్లు మండింది. ఆయన ఆ క్లాసు గడప తొక్కినవాడు కాదు. ఇంటర్ చదివినన్నాళ్లూ ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వెనక రేకుల షెడ్డులో ఆమె ముందు కూర్చున్నదాన్ని నేను. ఎవరైనా నరకం మాట ఎత్తితే, "అది చచ్చినాక చూసుకుందాంలే పాపా, ఈడ ఏమైందో చెప్పు ముందు" అనేది.

ఆ పాఠం ఆమె సొంత ఇంటికే వచ్చిన వారం నేను మరిచిపోలేను. ఆమె కూతురు రూతు, నేను, సునీత ఒకే బస్సులో అనంతపురం కాలేజీకి వెళ్లేవాళ్లం. సునీతతో ఏదో తగువొచ్చి, రూతు వీధి కొళాయి దగ్గర ఒక కథ అల్లింది: సునీత కాలేజీ ఎగ్గొట్టి ఎవడి బండి మీదనో తిరుగుతోందని. మా ఊళ్లో ఎండాకాలం నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. బిందెలు వరసపెట్టి కాచుకున్నంతసేపూ మాటలే. సాయంత్రానికల్లా అది సునీత నాయన చెవిన పడింది. మర్నాటి నుంచి పిల్ల కాలేజీ బంద్. సంబంధాలు వెతుకుతున్నారని కూడా విన్నాం.

ఆదివారం క్లాసులో రూతు లేచి, ఏడుస్తూ తప్పు ఒప్పుకుంది. ప్రభువు తనను క్షమించాడని సాక్ష్యం చెప్పింది. మేమంతా "ఆమెన్" అన్నాం. టీచర్ మాత్రం అనలేదు.

"దేవుడు క్షమించినాడు, సరే. సునీత యాడుంది?"

"ఇంట్లోనే."

"అబద్ధం యాడ చెప్పినావు?"

"కొళాయి కాడ."

"సాక్ష్యం ఆడ చెప్పు. ఈడ మాకెందుకు?"

నేను ఊరుకుంటానా? "అందరి ముందరా దీని పరువు పోదా టీచర్?" అన్నాను.

"సునీతది పోలేదా మే?" అంది.

మరునాడు తల్లీకూతుళ్లు బిందెతో వచ్చారు. రూతు బిందె దించి, అందరికీ వినబడేలా చెప్పింది: "నేను చెప్పింది అబద్ధం. సునీత యాడికీ పోలేదు." వరసలో ఒకామె పకపకా నవ్వింది. "మీ యమ్మ బాగా నేర్పించి పిల్చుకొచ్చినాదే! ఇంగా ఏమేం కల్పించినావు పాపా?" టీచర్ కూతురి పక్కనే నిలబడింది. నమ్మనివాళ్లు మిగిలారని తల్లీకూతుళ్లు ఆ తర్వాతా వస్తూనే ఉన్నారు. చివరికి సునీత నాయనే వచ్చి నిలబడి విన్నాడు. "చాల్లేమ్మా, బిడ్డని ఇంటికి పిల్చుకపో" అన్నాడు టీచర్‌తో.

ఆ వారంలోనే సునీత బస్సెక్కింది. రూతు పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది. మళ్లీ ఎన్నడూ దానితో మాట్లాడలేదు. రూతు ఇంటికెళ్లి ఏడిస్తే వాళ్లమ్మ తల నిమిరి, "అది గూడా నువ్వు చేసిందే, మోయాల" అన్నదని తనే నాకు చెప్పింది.

ఇప్పుడు ఆ క్లాసు నేను చెబుతున్నాను. ఏ పిల్లయినా సారీ అంటే, ఎవరికి ఏం పోయిందో చెప్పించందే వదలను. గయ్యాళి టీచరని పేరొచ్చింది, రానీ. కానీ ఆమెతో తేల్చుకోని వాదం ఒకటి ఉండిపోయింది. తన కూతురు గనక పక్కన నిలబడి ఆ నవ్వులు తనూ భరించింది. అదే అబద్ధం మాలో ఇంకెవరైనా చెప్పి ఉంటే, పరాయి ఇంటి పిల్లను కూడా ఆ బిందెల వరస ముందుకు నడిపించేదా, లేక మాతోపాటు తనూ "ఆమెన్" అనేసేదా?