మూడో పాదానికి పసుపు

నా చిన్నప్పుడు నాకు మూడు కాళ్ళుండేవి. నడిచేవి రెండే. మూడోది నడుము కింద, ఎడమ పక్క, కాస్త వెనగ్గా వేలాడుతూ ఉండేది. జానెడు పొడవు, దాని చివర నాలుగు వేళ్ళున్న చిన్న పాదం. కదిలేది కాదు. పుట్టగానే తీసేద్దామనుకున్నారట కానీ, వెన్నెముకకు మరీ దగ్గరగా ఉందనీ, కొంచెం పెద్దయ్యాక చూద్దామనీ డాక్టర్లు ఆపారు. అలా నేను రెండో తరగతికి వచ్చేదాకా అది నాతోనే ఉంది.

మేముండేది అమెరికాలో, ఎడారి ఊరు చాండ్లర్‌లో. అక్కడి ఎండలకు పిల్లలందరూ వేసవంతా అపార్ట్‌మెంట్ పూల్‌లోనే ఉంటారు. నేను మాత్రం మోకాళ్ళు దాటే కుచ్చుల గౌను వేసుకుని, గట్టు మీద కూర్చుని అందరి తువ్వాళ్ళకూ కాపలా కాసేదాన్ని. ఎవరైనా నీళ్ళలోకి రమ్మంటే జలుబు చేసిందనేదాన్ని. నాకు చేసినన్ని జలుబులు ఆ ఎడారిలో ఇంకెవరికీ చేసి ఉండవు. ఇంట్లో దానికి పేరు లేదు. అమ్మా నాన్నా ‘అది’ అనేవారు. నాకు బట్టలు మార్చేటప్పుడు కూడా అమ్మ అటు చూసేది కాదు, చేత్తో తడిమి గౌను కిందికి లాగేసేది. నేను సిగ్గుపడటం అక్కడే నేర్చుకున్నానని ఇప్పుడనిపిస్తుంది.

మా అమ్మమ్మ ఒక్కతే వేరు. నన్ను చూసుకోవడానికి వచ్చి మాతోనే ఉండేది. తలంటు పోస్తే దానికీ నూనె రాసేది. నా గోళ్ళతో పాటు దాని గోళ్ళూ తీసేది. శుక్రవారం నా కాళ్ళకు పసుపు రాస్తే దానికీ రాసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. అది లేనట్టే కనిపించాలని నేను పడే పాట్లన్నీ ఆవిడ చెడగొడుతున్నట్టు ఉండేది.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ నాకు ఆస్పత్రివాళ్ళిచ్చిన సబ్బుతో స్నానం చేయించింది. ఒంటికి ఏమీ రాయొద్దని వాళ్ళు ముందే గట్టిగా చెప్పారు. అమ్మ బ్యాగ్ సర్దుకుని వచ్చేలోపల అమ్మమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి మూడు పాదాలకూ పసుపు రాసేసింది. నేను గబగబా సాక్సు వేసుకుని, గౌను కిందికి లాక్కుని ఊరుకున్నాను. చెబితే మళ్ళీ స్నానం, మళ్ళీ గొడవ.

ఆస్పత్రిలో నాతో పాటు ఇద్దరినే లోపలికి రానిచ్చారు. నాన్న బయటే ఉండిపోయాడు. నర్సు దుప్పటీ సాక్సూ తీసి చూసి కంగారుపడింది. ఈ రంగు ఎప్పట్నుంచి ఉందని అడిగింది, కామెర్లేమోనని ఇంకో నర్సును పిలిచింది. ఏదో రాశారని తేలాక, ఇవాళ ఆపరేషన్ కుదరకపోవచ్చు, డాక్టర్‌ని అడగాలి అంటూ వెళ్ళింది. ఇంకో వేసవి మళ్ళీ ఆ తువ్వాళ్ళ దగ్గరే.

“ఎందుకు రాశావమ్మా? స్కిన్ మీద ఏమీ అప్లై చేయొద్దని చెప్పారు కదా! వీళ్ళ ముందు పరువు పోయింది,” అంటూ అమ్మ గొంతు తగ్గించి అరిచింది. తెరలకు అవతల ఎవరెవరు వింటున్నారో అని నేను సిగ్గుతో చచ్చిపోయాను. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. కోప్పడలేదు. అమ్మమ్మ వైపు చూసి, ఎందుకు రాసిందో అడగమని అమ్మతో అంది.

“ఆడపిల్లని ఇంట్లోంచి పంపేటప్పుడు కాళ్ళకి పసుపు రాయకుండా పంపుతామటే? మూడూ కలిసి పెరిగినయ్యి. ఆ రెండిటికీ రాసి దాన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకోదూ?” అంది అమ్మమ్మ.

అమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టరమ్మ నా పాదాన్ని వేలితో రుద్ది చూసింది. తర్వాత, ఇది పైపై రంగే, కడిగితే చాలు, లోపల ఎలాగూ మళ్ళీ శుభ్రం చేస్తాం అని చెప్పి, సబ్బూ తడి గుడ్డలూ అమ్మమ్మకే ఇప్పించింది.

అమ్మమ్మ చేతిలోంచి గుడ్డ అమ్మ తీసుకుంది. నా రెండు పాదాలూ తుడిచి, మూడోదాన్ని అరచేతిలోకి తీసుకుంది. నేను దుప్పటి సందులోంచి చూస్తున్నాను. ఒక్కో వేలూ విడదీసి, చంటిపిల్లకు తుడిచినట్టు తుడిచింది. అమ్మ దాన్ని అంత దగ్గరగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

“వెళ్ళిరా తల్లీ,” అంది అమ్మమ్మ, దాని మీద చెయ్యి వేసి.

నేను దుప్పటి తోసేసి లేచాను. “అది మళ్ళీ కమ్ బ్యాక్ అవుతుందా, అమ్మమ్మా?”

“రాదులేవే. అయినా మనింట్లో పెరిగినదాన్ని పొమ్మని ఎట్టా అంటాం?”

అప్పటిదాకా దాన్ని చూసి సిగ్గుపడ్డాను. ఆ పూట నన్ను చూసుకుంటే సిగ్గేసింది. నాతో పుట్టి, నా అన్నమే తిని పెరిగినదాన్ని నేను ఒక్కనాడూ నాదనుకోలేదు.

ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చాక పాదాలు చూసుకున్నాను. ఎంత తుడిచినా గోళ్ళ అంచున పసుపు మిగిలే ఉంది. దానికీ అలాగే మిగిలి ఉంటుంది అనుకున్నాను.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. మొన్న మా అమ్మాయిని ఈతకు తీసుకెళ్తే, నా నడుము కింది మచ్చ మీద వేలు పెట్టి అదేమిటని అడిగింది. చుట్టూ జనం. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి తువ్వాలు కోసం వెళ్ళింది. మధ్యలోనే ఆపేశాను.

“అక్కడో కాలుండేది నాన్నా. మా అమ్మమ్మ దానికి పసుపు రాసి సాగనంపింది.”

“హూజ్ లెగ్, అమ్మా?”

“నాదే,” అన్నాను.