మీట మీద తూకపురాయి

పామంటే భయం లేదు యేసురత్నానికి. గోదావరి లంకలో పుట్టిన పిల్ల, వరదొచ్చినప్పుడు ఇంటి చూరుకి పాములు వేలాడటం చూసిన మనిషి. నోరున్న పెద్ద డాక్టరన్నా భయం లేదు. ఆవిడ భయమల్లా ఒక్కటే: ఖాళీ కుర్చీ ముందు వెలుగుతూ ఉండే తెర.

2001 నాటి మాట. అమలాపురంలో ఆవిడ పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చిన కొత్త. మేడ మీద గదిలో ఒకటే పెద్ద యంత్రం. వార్డుల్లోనూ మందుల గదిలోనూ దానికి తగిలించిన తెరలు. కాకినాడలో కోర్సు చేసొచ్చిన యేసురత్నం దాని బాగోగులు చూసేది. ఒకేసారి ఆరుగురికి మించి లోపలికి రానివ్వదు ఆ మహాతల్లి. అలాంటి చోట ఏం చేయాలో మనవాళ్లకి ఒకరు నేర్పాలా? రావులపాలెం బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే జాతి! పొద్దున్నే వచ్చి పాస్‌వర్డు కొట్టేసి, తెర అలా వదిలేసి టీకి పోయేవారు, భోజనానికి పోయేవారు. ఒకాయనైతే అలా వదిలేసి పెళ్లికి కూడా పోయాడు. వాళ్ల పేరు మీద ఎవరొచ్చి ఏం కొట్టినా అడిగే నాథుడు లేడు.

ఒకరికి పడాల్సిన మందు ఇంకొకరికి పడితే? ఆ ఆలోచనకే యేసురత్నానికి అన్నం సయించేది కాదు. చివరికి ధైర్యం చేసి, పది నిమిషాలు మీట నొక్కని మనిషిని యంత్రమే బయటికి పంపేసేలా అమర్చింది.

ఇంక చూడాలి గోల!

“మజ్జిగ తాగొచ్చేసరికి గెంటేసిందండీ!” అని ఒకరు. “సగం కొట్టిందంతా పోయిందండీ, మళ్లీ మొదట్నుంచీ కొట్టాలా?” అని ఇంకొకరు.

మందుల గది చూసే చిట్టిబాబు గారైతే మేడెక్కి మరీ వచ్చారు. “ఇరవయ్యేళ్ల సర్వీసండీ నాది. ఎంతమంది పెద్దలొచ్చేరు, ఎంతమంది వెళ్లేరు! ఒక్కరూ నన్ను కుర్చీలోంచి లేపలేదు. మీ డబ్బా లేపేస్తందా అండీ?”

“మీ మంచికేనండీ. మీ పేరు మీద ఇంకెవరైనా ఏదైనా చేస్తే...”

“ఆయ్, చాల్లెండి,” అని విసవిసా దిగిపోయారు.

వారం తిరిగేసరికి గోల సద్దుమణిగింది. చిట్టిబాబు గారు ఎదురుపడితే నవ్వుతున్నారు కూడా. ఆ నవ్వు చూసి దారికొచ్చారనుకుంది, పిచ్చి తల్లి.

ఆ మధ్యాహ్నం భోజనం క్యారేజీ విప్పబోతూ, అలవాటు కొద్దీ లోపల ఎవరెవరున్నారో చూసింది. ఎవరు ఎంతసేపట్నుంచి ఊరకే ఉన్నారో పేరు పక్కనే కనబడుతుంది. చిట్టిబాబు గారి పేరు పక్కన సున్నా. అంటే ఈ క్షణాన మీట నొక్కుతూనే ఉన్నారన్నమాట. కానీ ఆయన భోజనానికని స్కూటరెక్కి బండార్లంక వైపు వెళ్లడం ఇందాక కిటికీలోంచి తన కళ్లతో చూసింది కదా!

ఒళ్లు జల్లుమంది. మత్తుమందుల బీరువా ఉన్న గది అది. తాళం వేసిన గదిలో కూర్చుని కొడుతున్నదెవరు? గబగబా మెట్లు దిగింది. “ప్రభువా, ప్రభువా” అనుకుంటూ మందులిచ్చే కిటికీ సందులోంచి తొంగి చూసింది. కుర్చీ ఖాళీ. తెర మీద అక్షరాలు మాత్రం ఆగకుండా పైకి పాకుతున్నాయి.

వాచ్‌మన్ దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీయించింది. ఎంటర్ మీట మీద పాత త్రాసు తాలూకు ఇత్తడి తూకపురాయి దర్జాగా కూర్చుని ఉంది. ఓరి నీ అసాధ్యం కూలా! బస్సులో తువ్వాలైతే ఇక్కడ తూకపురాయి.

నవ్వొచ్చింది. రాయి తీసి తెర చదివేసరికి ఆ నవ్వు కాస్తా ఎండిపోయింది. ఆ తెర మీద ఎంటర్ నొక్కడమంటే, వార్డు నుంచి వచ్చిన చీటీకి మందు అందజేశామని ఒప్పుకోవడం. ఒప్పుకున్న చీటీ వార్డు తెర మీంచి కూడా తొలగిపోతుంది. చిట్టిబాబు గారు వెళ్లేటప్పటికి చీటీలేవీ లేవు. వెళ్లాక ఒకటి వచ్చింది. పురిటి వార్డు, సౌజన్య, ఫిట్సు రాకుండా వెంటనే చేయాల్సిన ఇంజెక్షన్. రాయి దాన్ని ఒప్పేసుకుంది.

మందు అందుకుని పరుగెత్తింది. చెప్పులెక్కడ విడిచిందో తెలియదు.

వార్డులో నర్సు లోవమ్మ అప్పుడే డ్యూటీ ఎక్కి, తాపీగా దుప్పట్లు మడతపెడుతోంది.

“సౌజన్యకి ఇంజెక్షన్ చేసేరా?”

“ఏ ఇంజెక్షనండీ? చెయ్యాల్సినవేం లేవండీ, ఇప్పుడే తెర చూసేను.”

“డాక్టరు గారు రాసేరే! ఆపరేషన్ థియేటర్లో ఉంటారు, ఫోను చేసి అడుగు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, తొందరగా!”

లోవమ్మ ఫోన్లో “ఆయ్, ఇప్పుడే చేసేస్తానండీ” అంటుండగానే, మంచం పక్కనున్న సౌజన్య తల్లి సూరమ్మ కేకేసింది. “అమ్మా, పిల్ల కళ్లు తేలేస్తందండీ!”

లోవమ్మ చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి సరిపోయింది. ఇంజెక్షన్ పడింది. బిగుసుకుంటున్న చేతులు మెల్లగా వదులయ్యాయి. ఉయ్యాల్లో పసిగుడ్డు ఏడుస్తుంటే సూరమ్మ ఎత్తుకుంది. యేసురత్నం గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. అసలు భయం అప్పుడు పట్టుకుంది ఆవిడని. తను పెట్టిన పది నిమిషాల గడువుకి విరుగుడుగానే కదా ఆ రాయి వచ్చింది! ఈ పూట తను పేర్లు చూడకుండానే క్యారేజీ విప్పుకుని ఉంటే?

సాయంత్రం చిట్టిబాబు గారు వచ్చి చేతులు జోడించారు. కళ్ల వెంట ధారగా నీళ్లు. “నా చేతుల్తో చంపేసేవాణ్ణండీ. ఆ గడువు తీసెయ్యండమ్మా, రేపు ఇంకొకడు ఇంకేదో పెడతాడు.”

“తీయనండీ. మందు ఇచ్చేమని ఒప్పుకోవాలంటే ఇకమీదట పాస్‌వర్డు మళ్లీ కొట్టాలి. ఆ రాయి మాత్రం నాకిచ్చెయ్యండి,” అంది యేసురత్నం.

ఆ తర్వాత ఎన్నేళ్లు పనిచేసినా, “మేడమ్ గారూ, నన్ను గెంటేసిందండీ!” అని ఎవరైనా గొడవకొస్తే ఆవిడ ప్రాణం కుదుటపడేది. “మంచిదేనమ్మా” అని హాయిగా అన్నం తినేది. ఏ రోజైనా పొద్దున్నుంచీ ఒక్కరూ గొడవ చేయలేదా, ఆ రోజు క్యారేజీ విప్పేది కాదు. ఒక్కో గదికీ వెళ్లి, మీటల మీద చెయ్యి వేసి తడిమి చూసుకుని వచ్చేది.