నల్లపూసల దారానికి ఆముదం

నావి వేరుశనక్కాయలు ఒలిచిన చేతులు. ఐరాల దగ్గర మా నాయనకు కాస్త చేను, ఒక మోట బావి ఉండేవి. పదహారో ఏట పెళ్లయి తిరుపతికి వచ్చేదాకా నేను ముట్టుకున్న వాటిలో నువ్వుగింజ కంటే చిన్నది లేదు. దాన్నయినా దోసిళ్లతో ఎత్తిపోశానేగాని ఒక్కొక్కటిగా పట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి నన్ను తీసుకొచ్చి పూసలు గుచ్చే ఇంట్లో పడేశారు. అవి యుద్ధం నడుస్తున్న రోజులు.

మా అత్తది పూసల పని. కొండకు పోయేవాళ్లు కొనుక్కునే తులసి మాలలు, కలిగినవాళ్ల ఇళ్లకు పగడాల దండలు, ముత్యాల పేటలు, పసిపిల్లల చేతులకు దిష్టిపూసలు, అన్నీ ఆమె చేతిమీదుగానే పోయేవి. నడవ నిండా చాటలు, చాటల నిండా గింజలు. అన్నానికి కూర్చుంటే ఏదో ఒకటి తొడకింద గుచ్చుకునేది. మా ఆయన కొండమీద ఒక అంగట్లో పనిచేస్తూ వారానికోసారి దిగివచ్చేవాడు. వచ్చీరాగానే ఒక చాట తన్ని, వాళ్లమ్మ చేత తిట్లు తిని, అప్పుడు కాళ్లు కడుక్కునేవాడు.

ఒక్క నల్లపూసలు మాత్రం ఆ ఇంట్లో ఉండేవి కావు. ఒకప్పుడు చిత్తూరు, కాణిపాకం తట్టు నుంచి పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చింది ఆమె కూర్చే నల్లపూసల కోసమే. అయితే పెళ్లికూతురి నల్లపూసలు ముత్తైదువ చేతులతోనే కూర్చాలి. మామ పోయిన తర్వాత ఆమె ఆ దారం ముట్టలేదు. ముట్టవద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. నల్లపూసల చాటను శుభ్రంగా తుడిచి, బోర్లించి అటకమీద పెట్టేసింది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ చాట అక్కడ చేరి ఎనిమిదేళ్లు.

నేను గడపలో కుడికాలు పెట్టిన మూడోనాడు అది కిందికి దిగింది.

"అమ్మీ, కండ్లు నావి, చేతులు నీవి" అంది అత్త. "నేను చెప్తా, నువ్వు గుచ్చు. ఈ ఇంట్లో మళ్లా నల్లపూసలు కూర్చల్ల."

పక్కింటామెకు ఇంతకంటే ఏం కావాలి? "మీ అత్త కోడల్ని తెచ్చుకున్నది కొడుకు కోసం కాదు, దారం కోసం" అని నీళ్ల దగ్గర నవ్వింది. నాకసలే ముక్కుమీద కోపం. రెండు రోజులు ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. అత్త నన్ను బుజ్జగించలేదు, కసరలేదు. నా ముందు చాట పెట్టి పక్కన కూర్చుంది, అంతే.

మొదట నేర్పింది గింజలు ఏరడం. చాటలో పూసలు పోసి కాస్త వాలిస్తే గుండ్రనివి దొర్లుకుంటూ కిందికి వస్తాయి, వంకరవి ఉన్నచోటే ఆగిపోతాయి. "సూసినావా, వంకరోళ్లు యాడుండేది ఆడనే ఉంటారు" అని నావైపు ఓరగా చూసేది. ఆ మాట గింజలకో, ముఖం మాడ్చుకున్న నాకో తెలిసేది కాదు. తర్వాత దారం. నల్లపూస బెజ్జంలో ఏ సూదీ పట్టదు. దారం కొసను తుమ్మబంకలో ముంచి, వేళ్లతో నులిమి ఎండబెడితే అదే సూది. మిగతా దారానికంతా తేనెమైనం పట్టించాలి. మైనం పట్టిన దారంలో ముడి వేస్తే అది కదలదు.

చెప్తూ చెప్తూ ఉండగా ఆమె చెయ్యి ముందుకు వచ్చేది. నా దారం దాకా వచ్చి, ఆగి, మళ్లీ ఒళ్లోకి పోయేది. విడిగింజలు పట్టుకుంటే దోషం లేదు, దారం ఎక్కాకే దోషం అని ఆమె లెక్క. కొన్నాళ్లకు ఆ చేతులను నమ్మడం మానేసి, రెండింటినీ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అలా కూర్చుని "అది గాదు, దాని పక్కది" అని గడ్డంతో చూపించేది. నాకు నవ్వు వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకు సిగ్గేస్తుంది.

ఆమెకు కొత్త అల్లికలు ఎక్కడినుంచి తడతాయో నేను కనిపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. చీమల బారు పోతుంటే పొయ్యిమీద పప్పు మరిచిపోయి చూస్తూ నిలబడేది. మరుసటి రోజు తులసి మాలలో రెండు చిన్నపూసలకు ఒక పెద్దపూస వచ్చేది, గింజ మోసుకుపోయే చీమల మాదిరి. చింతాకు రెమ్మ చూసి జంటపేట అల్లింది. మాడిన పప్పు తిన్నది మాత్రం నేనూ మా ఆయనే.

కార్తీకంలో కాణిపాకం నుంచి ఒకామె వచ్చింది. గుడి దగ్గర టెంకాయల అంగడి ఆమెది. మనిషి గడపదాటకముందే గొంతు నడవలోకి వచ్చేసింది. మెడలోని నల్లపూసలు బయటికి తీసి అత్త ముందు ఆడించింది.

"నువ్వు కూర్చినవే అక్కా. నా పెండ్లప్పుడు మా అమ్మ తెచ్చినాది. నలుగురు బిడ్డలు లాగినారు, ఒక్క పూస రాలలే. ఇప్పుడు నా కూతురికి మాఘంలో పెండ్లి. నీ ఇంట్లోనే కూర్చల్ల."

"నేను కూర్చను తల్లీ, నా కోడలు కూర్చుతాది" అంది అత్త.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. టెంకాయను తట్టి చూసే చూపు. కాసేపటికి కొంగుముడి విప్పి నాలుగు బంగారు గుండ్లు అత్త చేతిలో పెట్టింది. అవి నల్లపూసల నడుమ రావాలి.

ఆమె వెళ్లిపోయాక అత్త ఆ గుండ్లను తన కొంగున ముడేసుకుంది. తర్వాత అంది, "ఇది సరింగా కుదిరితే ఆ తట్టు ఊర్లన్నిటికీ తెలుస్తాది అమ్మీ. కుదరకపోతే ఈ చాట మళ్లా అటకెక్కుతాది. ఇంక దించేదానికి నాకు వయసు లేదు."

చిక్కంతా పూసల దగ్గరే వచ్చింది. నీలంకాగితం పొట్లాల్లో సముద్రం దాటి సీమనుంచి వచ్చే పూసలు యుద్ధంతో ఆగిపోయాయి. గుడివీధి అంగళ్లలో మిగిలినవి తడిగుడ్డతో రుద్దితే నలుపంతా గుడ్డకే అంటుకునేది. "పెండ్లిపీటల మీదే రంగు దిగుతాది" అని అత్త ఆ గుడ్డను అంగటాయన ముందే ఆరేసి వచ్చింది. చివరికి ఇద్దరం రేణిగుంట దాకా రైల్లో పోయి, అక్కడ ఎద్దులబండి మాట్లాడుకుని పాపానాయుడుపేట చేరాం. అక్కడ పూసలు చేసే కొలుములు ఉండేవి. కరిగిన గాజును ఒకతను లాగుతుంటే సన్నని గొట్టం బారలు బారలుగా సాగుతూ వచ్చేది. దాన్ని ముక్కలు చేసి, బూడిదలో కలిపి వేడిచేస్తే అంచుల పదును పోయి పూసలవుతాయి. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. మెడలో వేసుకునేది ఒక మనిషి ఇంత మంట ముందు నిలబడి లాగితే వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొలిమి పెద్దాయన అత్తను చూసి లేచి నిలబడ్డాడు. "ఎన్నేండ్లకొస్తివి అక్కా. మళ్లా నలుపు మొదలుపెట్టినావా?"

"మొదలుపెట్టినాం" అంది అత్త. ఆ 'పెట్టినాం' అన్న మాటకు నాకు మనసు నిండింది. ఆమె పూసను ఎండకు పట్టి చూసింది, పంటికింద పెట్టి చూసింది, దోసిట్లో పోసుకుని చప్పుడు విన్నది. బండిలో తిరిగి వస్తూ మూటను ఒళ్లోనే పెట్టుకుంది.

ధనుర్మాసంలో గుచ్చడానికి కూర్చున్నాను. ఆ చలికి మైనం రాయిలా బిగుసుకుపోయింది. దారానికి పట్టిద్దామంటే దారమే తెగుతోంది, వేళ్లు కోసుకుపోతున్నాయి. పొయ్యి దగ్గర పెట్టి మెత్తబరచుకోమని అత్త చెప్పింది. నాకు ఓపిక ఎక్కడిది? మా నాయన మోట తోలుకూ మోకుకూ ఆముదం పట్టించేవాడు. ఆముదం తాగిన మోకు ఏళ్లతరబడి బావిలోంచి నీళ్లు లాగింది, అది దారాన్ని కాపాడలేదా? అత్త స్నానానికి పోయిన సమయం చూసి, ఆముదం గిన్నెలో దారం ముంచి, తుడిచి, కొసకు బంక పెట్టాను. పూసలు జారుకుంటూ ఎక్కాయి.

అత్త వచ్చి చూసి మురిసిపోయింది. "ఏం అమ్మీ, ఈ పొద్దు చెయ్యి బాగా ఆడతా ఉండాది" అంది. ఆ ఇంట్లో చేరాక నాకు దక్కిన మొదటి మెప్పు అది. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. వాసన వస్తుందేమోనని భయపడ్డానుగాని, అందరి నెత్తులమీదా ఆముదమే ఉన్న ఇంట్లో ఎవరికి వస్తుంది? ఆమె ఒక్కసారి ఆ దారాన్ని రెండువేళ్ల మధ్య పట్టుకుని ఉంటే కళ్లు మూసుకునైనా చెప్పేసేది. కానీ ఆమె చేతులు తొడల కింద ఉన్నాయి.

రెండు పేటలూ పూర్తయ్యాయి. పెళ్లికి వారం ముందు కాణిపాకం ఆమె, పెట్రోలు కరువులో బొగ్గుమీద నడిచే బస్సులో, ముఖమంతా మసితో దిగింది. ముఖం కడుక్కుని, నల్లపూసలు చేతుల్లోకి తీసుకుని, "బరువు బాగుండాది" అంటూ ఎక్కడిదాకా దిగుతాయో చూద్దామని మెడ దగ్గర పెట్టుకుంది. అప్పుడు ముడి జారింది. నూనె తాగిన ముడి, చప్పుడు లేకుండా విడిపోయింది. ఒక పేట మొత్తం నేలమీదికి పోయింది. పూసలు నడవంతా దొర్లాయి, వాటి వెనకే బంగారు గుండ్లు.

రెండో పేట కూడా జారబోతుండగా అత్త ఒక్క ఉదుటున లేచి రెండు చేతులతో దారం కొసలు పట్టుకుంది. ఆలోచించి చేసిన పని కాదది. పడిపోయే పసిబిడ్డను ఎవరైనా ఆలోచించి పట్టుకుంటారా? పట్టుకున్నాక ఆమెకు తెలిసింది తాను ఏం పట్టుకుందో. ఇంకొకరి పెళ్లికూతురి నల్లపూసలు ఆమె చేతుల్లో ఉన్నాయి, ఆ పిల్ల కన్నతల్లి ఎదురుగా నిలబడి ఉంది.

"ఆముదం" అంది అత్త మెల్లగా, నావైపు చూడకుండా.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను, నాయన మోకుతో సహా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు, దారం ఇటు ఇమ్మని అత్త చేతులవైపు చెయ్యి చాపాను. జారే కొసలను ఎంత బిగువుగా పట్టాలో నా వేళ్లకు తెలియదు. ఆ చేతుల్లో పెడితే రెండో పేట కూడా నేలపాలే. అత్తకు అది తెలుసు. ఇవ్వనూ లేక, ఉంచుకోనూ లేక, అలాగే నిలబడిపోయింది.

కాణిపాకం ఆమె మొదట వంగి తన బంగారు గుండ్లు నాలుగూ ఏరుకుంది. ఏరి, పీటమీద పెట్టింది. అక్కడున్న చాపను గోడదగ్గరికి లాక్కుని, మాకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుంది.

"బస్సు సాయంత్రానికి గానీ లేదు" అంది గోడతో. "నేను ఈ గోడ సూస్తా ఉండా. ఈడ ఎవురు ఏం చేసేది నాకు తెలీదు. ఎవురన్నా అడిగితే కోడలు కూర్చినాదనే చెప్తా. నా మెడలోవి ఇన్నేండ్లు నిలిచినాయి గదా, నా బిడ్డవీ నిలవల్ల."

ఆమెను చూసి నేనూ గబుక్కున గోడవైపు తిరిగాను. చూడటం కూడా తప్పేమో అనుకున్నాను. కాణిపాకం ఆమె గోడతో మాట్లాడుతూనే ఉంది. వియ్యంకురాలి నోరు, తన మొగుడి గురక, గోడమీద బల్లి ఎంత లావుగా ఉందో, అన్నీ. మజ్జిగ కావాలంటే చెయ్యి వెనక్కి చాపిందేగాని తల తిప్పలేదు. వియ్యంకురాలి కథ సగంలో ఉండగా, వెనకనుంచి మైనం మీద దారం రాసుకునే చప్పుడు వచ్చింది. తర్వాత ఒక పూస, దాని పక్కన ఇంకో పూస.

"అమ్మీ" అని పిలిచింది అత్త.

నేను కదల్లేదు.

"నువ్వెందుకు తిరిగినావు? నువ్వు ఈ తట్టు తిరుగు. కండ్లు నీవి, చేతులు నావి. సూడు."

తిరిగాను. అన్ని నెలలూ తొడల కింద అణిగి ఉన్న ఆ చేతులు ఆడుతుంటే చూశాను. పూసల వైపు చూడనైనా చూడకుండా వేళ్లే ఏరుకుంటున్నాయి, వేళ్లే ఎక్కిస్తున్నాయి. అత్త కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేనే కొంగుతో తుడిచాను. బంగారు గుండ్లు వాటి చోట్లలో కూర్చున్నాయి. చివరికి ముడి వచ్చేసరికి ఆగి, నా వేళ్లు తీసుకుని తన వేళ్లమీద పెట్టుకుని వేసింది, ఎంత బిగువో నాకు తెలియాలని.

అప్పుడు కాణిపాకం ఆమెను తిరగమన్నాం. ఆమె నల్లపూసలు తీసుకుని, మొహమాటం లేకుండా రెండుసార్లు గట్టిగా లాగి చూసింది.

"నీ కోడలు బాగా కూర్చినాది అక్కా" అంది, నవ్వకుండా.

ఆ మాఘంలోనే చిత్తూరు నుంచి ఇద్దరు, ఐరాల నుంచి ఒకరు వచ్చారు. వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే చాప తీసుకుని, ఏ గోడ అని అడిగి కూర్చునేవారు. ఆ చాట మళ్లీ అటకెక్కలేదు.