గుర్తు పెట్టుకోనిది కావాలి

కారులో దారి చూపే యంత్రం కొనడానికి ఆమె ఆ దుకాణానికే రావడానికి ఒకటే కారణం. దాని పై అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు.

ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో. మైనంలో పళ్ళు పేర్చడం, చెక్కడం, నున్నగా చేయడం, తయారైన సెట్లను కారులో క్లినిక్కులకు చేరవేయడం ఆమె పని. పై అంతస్తు డాక్టరు దగ్గరికి వారానికి రెండుసార్లయినా వస్తుంది. కాబట్టి ఆమె ఎక్కడుందో ఫోనులో చూస్తున్న మనిషికి ఆమె డాక్టరు దగ్గర ఉన్నట్టే కనిపిస్తుంది. పైనుందో కిందనుందో ఫోను చెప్పదు. ఉన్న వెసులుబాటు ఆ ఒక్క అంతస్తే.

చూసే మనిషి భర్త. కొట్టడు, తిట్టడు, గొంతు పెంచడు. బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న కార్లను పరీక్షించి, యజమాని చెప్పేది నిజమా కాదా తేల్చే ఉద్యోగం. ఆదివారం పూట భార్య కారు తనే కడిగి తుడుస్తాడు. "అలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా" అని పక్కింటావిడ ఇప్పటికీ అంటుంది. కొత్తలో ఈమె కూడా అలాగే అనుకుంది. సాయంత్రం ఇంటికి రాగానే, "మందుల షాపు ముందు ఆగావు కదూ, తలనొప్పా?" అని అడిగితే మురిసిపోయింది. పోనుపోను మందుల షాపు ముందు ఆగడం మానేసింది.

ఒకసారి చెప్పకుండా అక్క ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని, "ఎందుకు వెళ్ళావు, ఏం మాట్లాడుకున్నారు, నా గురించి ఏమంది" అని తెల్లవారేదాకా అడిగాడు. చెప్పిందే మళ్ళీ చెప్పించాడు. తర్వాత నెల రోజులు కారు తాళం అతని జేబులోనే ఉంది. కారు కొన్నది ఆమె జీతంతో, ఆమె పేరు మీద. అయినా నోరెత్తలేదు. "ఇంకోసారి ఇలాగైతే ఉద్యోగం వద్దులే, ఇంట్లోనే ఉందువుగాని" అని కూర వడ్డించుకుంటూ మెల్లగా చెప్పాడు. ఆ మాట అన్నాడంటే చేస్తాడు.

ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక ఉద్యోగం ఉంది. ఆమెతో పాటు పని నేర్చుకున్న స్నేహితురాలు అక్కడ సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకుంది. వేళ్ళకెప్పుడూ మైనం అంటుకుని ఉంటుందని అందరూ ఆ స్నేహితురాలిని మైనం అనే పిలిచేవాళ్ళు. ల్యాబులకు పళ్ళు, పొడులు అమ్మే ఏజెంటు ద్వారా కబురు పంపింది. "పని ఉంది, మేడ మీద గది ఉంది. ఒకసారి వచ్చి చూసి పో." చూసి రావడమే ఆమె ఉద్దేశం. ఆ తర్వాత సంగతి ఆలోచించడానికే భయం. ఫోను ల్యాబులో వదిలేసి వెళ్ళాలి. ఫోను లేకపోతే నాలుగు వీధులు దాటాక ఆమెకు దారి తెలియదు. గానుగెద్దులా ఇన్నేళ్ళూ అదే చుట్టు తిరిగింది.

దుకాణం ఆయన కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని మూడు యంత్రాలు బల్ల మీద పేర్చాడు.

"ఇదిగోండమ్మా, ఇది పెద్ద తెర. మీ ఫోనుతో కలిపితే ఎక్కడ ట్రాఫిక్ ఆగిందో కూడా చెప్తుంది."

"ఫోనుతో కలపకపోతే?"

"కలపకపోతే ఎలాగమ్మా? సరే, అయితే ఇది చూడండి. మ్యాపులన్నీ లోపలే ఉంటాయి. ఈ రబ్బరు గిన్నెని అద్దానికి ఇలా నొక్కితే అతుక్కుపోతుంది. గుంతల్లో పడ్డా ఊడదు."

"తీసేశాక అద్దం మీద మచ్చ ఉంటుందా?"

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎవరూ అడగని ప్రశ్న. "గుండ్రంగా చిన్న గుర్తు పడుతుంది. తుడిస్తే పోతుంది. పొగమంచు పట్టినప్పుడు మళ్ళీ కనబడుతుందనుకోండి. దానికేముందమ్మా, కొంప మునగదు కదా?"

ఆమె రబ్బరు గిన్నెను వేలితో పక్కకు జరిపింది.

"అసలు గొప్ప సంగతి చెప్పలేదు," అన్నాడాయన హుషారుగా. "మీరు వెళ్ళిన ప్రతి చోటూ గుర్తు పెట్టుకుంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంతసేపు. మళ్ళీ అడ్రసు కొట్టే పనే లేదు."

"గుర్తు పెట్టుకోనిది లేదా?"

"అదేంటమ్మా! జ్ఞాపకశక్తి బాగున్నది ఇవ్వమంటారు అందరూ. మతిమరుపుది కావాలంటే దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను!" తన జోకుకు తనే నవ్వుకుని, ఇంకేదో గుర్తొచ్చి కింది అర నుంచి అగ్గిపెట్టె అంత నల్లటి డబ్బీ తీశాడు. "కారుకు సంబంధించినవి చూస్తున్నారు కాబట్టి ఇది కూడా చూడండి. సీటు కింద పడేస్తే చాలు. బండి ఎక్కడుందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఈ మధ్య మగవాళ్ళు బాగా కొంటున్నారు, ఆడవాళ్ళకి సేఫ్టీ అని."

ఆమె ఆ డబ్బీ వంక చూసింది. తన కారులోనూ ఇలాంటిది ఉండొచ్చని ఆమెకు తట్టనే లేదు.

అప్పుడే ఫోను మోగింది. ఎత్తక తప్పదు.

"పనవలేదా అమ్మడూ?" అవతలి గొంతు మెత్తగా ఉంది. "రోజూ పది నిమిషాల్లో దిగుతావుగా."

"డాక్టరు గారు పేషెంటుతో ఉన్నారండీ. కూర్చోమన్నారు."

"సరే సరే, కూర్చో. తొందరేం లేదు. దిగాక ఒక ఫోను చెయ్యి."

ఫోను సంచిలో పెట్టేటప్పుడు జిప్పు ఒక పట్టాన పడలేదు. తలెత్తితే దుకాణం ఆయన ముఖంలో నవ్వు లేదు. మెట్ల వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. నల్ల డబ్బీని మారు మాట్లాడకుండా అరలోకి నెట్టేసి, మూడింటిలో అన్నిటికంటే చిన్నది, పాతది ముందుకు జరిపాడు.

"ఇది తీసుకోండమ్మా. అద్దానికి అతికించక్కర్లేదు. ఒళ్ళో పెట్టుకున్నా, పక్క సీటులో పెట్టుకున్నా మాట్లాడుతుంది. మొదట దారి పట్టుకోవడానికి కాస్త టైము తీసుకుంటుంది, ఆకాశం కనబడే చోట ఉంచండి. ఇదిగో, ఇది నొక్కి, ఇది నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. నిన్ననే పుట్టినట్టు ఉంటుంది." గొంతు తగ్గించాడు. "అట్టపెట్టె, బిల్లు నా దగ్గరే ఉంటాయి. ఏదైనా తేడా చేస్తే యంత్రం ఒక్కటీ పట్టుకొచ్చినా మార్చిస్తాను."

నగదు ఇచ్చి, యంత్రాన్ని పళ్ళ సెట్ల డబ్బాలో దూది కింద పెట్టుకుని ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళింది. వచ్చిన పని నిజంగానే చేసి దిగింది. దిగాక ఒక ఫోను చేసింది.

ల్యాబులో ఆమె కాక ఇంకొకావిడ ఉంది. ప్లాస్టరు కలిపే ఆమె. వయసులో పెద్దది కాబట్టి పెద్దక్క. ఊళ్ళో పెద్దక్కకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. నల్ల డబ్బీ మాట వినగానే పెద్దక్క చేతులు కడుక్కుని, నోట్లో పళ్ళు చూసే చిన్న గుండ్రటి అద్దం పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. సీట్ల కింద, చక్రాల పైన, డిక్కీ మూలల్లో, ఆ అద్దం పెట్టి ఇద్దరూ వెతికారు.

"నోరు బాగా తెరవవే తల్లీ," అంది పెద్దక్క కారుతో, బోర్లా పడుకుని. "దవడ పళ్ళు కనబడట్లేదు."

"అక్కా, నవ్వించకు. వీధిలో ఎవరైనా చూస్తే?"

"చూడనీ. ఉంగరం పడిపోయిందంటాను. నీకు ఈగ వాలినా పులే కనబడుతుంది."

ఏమీ దొరకలేదు. పంటి సందులో ఇరుక్కున్న వక్కలాంటి ఓ ఎండిన ద్రాక్షపండు తప్ప.

వారానికొకసారి లోహం కరిగించి పోత పోసే రోజు ఉంటుంది. ఆ రోజు కొలిమి గదిలోకి ఫోన్లు రానివ్వరు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమె ఫోను ఎత్తదని భర్తకు తెలుసు, దానికి అలవాటు పడ్డాడు. ఆ రోజే బయలుదేరింది. ఫోను సొరుగులో, అచ్చుల మధ్య. పోత పని పెద్దక్క నెత్తిన. యంత్రం పక్క సీటులో.

"మూడు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి," అంది యంత్రం.

తిరిగింది. ఊరి చివర పెట్రోలు బంకు దాటింది. ఆ తర్వాత ఆమెకు తెలిసిన రోడ్డు అయిపోయింది. వెనక ఏ కారు వచ్చినా అద్దంలో రంగు చూసేది. తెల్లదైతే ఊపిరి బిగబట్టేది, అది దాటిపోయేదాకా వదిలేది కాదు. అతని ఆఫీసు కారు తెల్లది. లోకంలో సగం కార్లు తెల్లవేనని ఆ రోజే తెలిసింది.

కాసేపటికి యంత్రం మీద కాస్త నమ్మకం కుదిరింది. తెర మీద ఒక మూల ఇంకెంత దూరముందో, ఇంకో మూల ఎంత వేగంతో వెళ్తోందో చూపిస్తోంది. కొలతలతో పనిచేసే మనిషి కదా, వేగం సరిగ్గా చెప్తోందా లేదా చూద్దామని కారు మీటరు వంక చూసింది. రెండూ దాదాపు ఒకటే. బాగానే ఉంది. చూపు తిప్పుకోబోతుంటే వేగం ముల్లు కింద కారు మొత్తం తిరిగిన కిలోమీటర్ల అంకె కనబడింది. ఆమె చూస్తుండగానే చివరి అంకె ఒకటి పెరిగింది.

ఎప్పుడో జరిగిన సంగతి బుర్రలో కదిలింది. క్లినిక్కు దారి తవ్వేశారని ఒక రోజు చుట్టూ తిరిగి వెళ్ళింది. రాత్రి అన్నం దగ్గర అతను, "ఇవాళ మూడు కిలోమీటర్లు ఎక్కువ తిరిగావేం?" అన్నాడు. ఫోనులో చూశాడనుకుంది. కానీ ఆ రోజు ఫోను పగిలి రిపేరు షాపులో ఉంది. అతను చూసింది ఫోను కాదు, ఈ అంకె.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు పెద్దక్కా, తనూ.

కారు రోడ్డు పక్కకు లాగి ఆపింది. యంత్రంలోది చెరిపేయొచ్చు. తగ్గిన పెట్రోలు మళ్ళీ పోయించుకోవచ్చు. ఈ అంకెను ఏం చేస్తుంది? మెకానిక్కును పట్టుకుని వెనక్కి తిప్పించినా, అలా తిప్పిన కార్లను పట్టుకోవడమే అతని ఉద్యోగం.

లెక్క వేసుకుంది. ఇప్పుడే వెనక్కి తిప్పితే, డాక్టరెవరో అర్జంటుగా పిలిచాడనీ, హడావిడిలో ఫోను మరిచిపోయాననీ చెప్పొచ్చు. ఒక రాత్రంతా ప్రశ్నలు. మహా అయితే కొన్నాళ్ళు తాళం అతని జేబులో. ఇంకాస్త ముందుకు పోతే మాత్రం ఏ అబద్ధమూ అతకదు. అంత దూరంలో వాళ్ళ ల్యాబుకు డాక్టరే లేడు. చూసి రావడం అనేది ఇక లేదు. వెళ్ళడమో, మానడమో.

చేతిలో ఏముంది? సంచిలో లైసెన్సు, కొంత డబ్బు, తినని అన్నం డబ్బా, మైనం చెక్కే తన కత్తులు. మార్చుకోవడానికి చీర కూడా లేదు.

స్టీరింగు వెనక్కి తిప్పింది కూడా. ముందు చక్రం మట్టిలోంచి తారు మీదికి ఎక్కింది. అప్పుడు ఇంట్లో బల్ల కళ్ళముందు నిలిచింది. ఎదురు కుర్చీలో అతను, ముందు మంచినీళ్ళ గ్లాసు, "ఊఁ, మొదట్నుంచీ చెప్పు" అనే ఆ మెత్తని గొంతు. చెప్పడం మొదలుపెడితే మైనం పేరు వస్తుంది, పెద్దక్క పేరు వస్తుంది, దుకాణం ఆయన వస్తాడు. ఎవరినీ దాచడం ఆమె వల్ల కాదు. ఆ బల్ల దగ్గర ఆమె ఇంతవరకు ఏదీ దాచలేకపోయింది.

వెనక లారీ హారను కొట్టింది. కారు సగం అడ్డంగా ఉంది. ఆమె చక్రాన్ని ముందుకే తిప్పి, లారీకి దారి ఇచ్చి, దాని వెనకే పోనిచ్చింది. ధైర్యం వచ్చి కాదు. బల్ల ఆ వైపు ఉంది కాబట్టి ఈ వైపు వెళ్ళింది.

మైనం ల్యాబు ఒక సందులో ఉంది. కిందంతా పనిగది, పక్కన ఇనుప మెట్లు. గుమ్మంలో ఆమెను చూడగానే మైనం ముఖం విప్పారింది.

"వచ్చావే! చూడ్డానికేనా, లేక..." అని ఆగిపోయింది. "ఏంటే, అలా పాలిపోయావు? ముందు కూర్చో."

"కారు లోపల పెట్టడానికి చోటుందా?"

మైనం ఇంకేమీ అడగలేదు. వెనక షెడ్డులోంచి ఖాళీ పెట్టెలు బయటికి లాగి చోటు చేసింది. ఆమె కారు పెట్టి, తాళం వేసి, వేశానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసింది. ఆ తర్వాత మైనం ఫోనులోంచి ల్యాబు నంబరుకు చేసింది.

"అక్కా, నేను."

"నీ ఫోను రెండుసార్లు మోగిందే. కొలిమి దగ్గరుంది అనుకుని ఊరుకున్నాడు. బయలుదేరావా వెనక్కి?"

"లేదక్కా. రాను."

పెద్దక్క అంది: "సాయంత్రం వచ్చి నా ముందు నిలబడతాడు."

"భయంగా ఉందా అక్కా?"

"ఉండదేంటే? ఉంది. మధ్యాహ్నం కారు తీసుకుని వెళ్ళింది, ఎక్కడికో చెప్పలేదు అంటాను. నువ్వు నిజంగానే నాకు ఆ ఊరి పేరు చెప్పలేదు చూడు, అది మంచిదైంది. ఇప్పుడూ చెప్పకు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. ఈ నంబరు కూడా చూడట్లేదు, చెరిపేస్తున్నా." ఫోను పెట్టేసేముందు మళ్ళీ, "ఏమన్నా తిన్నావా?" అంది.

మైనం ఒక యాప్రానూ, సగం పేర్చిన పై వరస సెట్టూ ఆమె ముందు పెట్టింది. చేతులకు పనుంటే మంచిదనుకుంది కాబోలు. మొదటి పన్ను రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి నిలబడింది.

కిటికీ వీధి వైపు ఉంది. బండి చప్పుడైనప్పుడల్లా ఆమె తలెత్తేది. "నీళ్ళ బండి," అనేది మైనం పని ఆపకుండా. "బడి పిల్లల ఆటో." "మా ఇంటి ఓనరు, వాడి స్కూటరుకు సైలెన్సరు లేదు." చీకటి పడ్డాక మైనం లైటు వేయబోతే, వీధిలోకి కనబడతామని కాసేపు ఆగమంది ఆమె. ఇద్దరూ చీకట్లోనే కూర్చుని, కిటికీ రెక్కలు మూశాక లైటు వేసుకున్నారు.